పేరు తీసేసిన శోకం

మా అత్తయ్య మాణిక్యమ్మకు భయమంటే తెలియదని పామర్రు చుట్టుపక్కల అందరూ అనుకుంటారు. చేలో పాము కనిపిస్తే "పోవే తల్లీ, నీకూ నాకూ గొడవెందుకు" అని దాని మానాన దాన్ని పొమ్మంటుంది. ఎవరింట్లో మనిషి పోయినా ముందు ఆవిడకే కబురు వస్తుంది. వెళ్ళి తల దగ్గర కూర్చుని శోకం తీసిందంటే, అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్న అల్లుళ్ళు కూడా బావురుమంటారు.

ఆవిడకున్న ఒకే ఒక్క భయం ఆ శోకమే. చావు లేని చోట దాన్ని ఊరికే తీయకూడదు. పోయిన మనిషిని ముందు పేరు పెట్టి పిలవాలి, ప్రతి వరుస చివరా మళ్ళీ ఆ పేరే రావాలి. పేరు లేని శోకం గాల్లో కలిసిపోదట. వింటున్నవాళ్ళలోనే ఎవరినో ఒకరిని వెతుక్కుంటుందట. ఊళ్ళో పిల్లలు ఆటకు శోకాలు పెడితే మూతి మీద ఒకటి తగిలేది.

నాకు ఇలాంటివంటే ఒళ్ళు మంట. బెజవాడలో పుట్టి పెరిగి, కాలేజీలో పాఠాలు చెప్పుకునే దాన్ని. పెళ్ళయిన కొత్తలో "శోకానికి అడ్రసు ఎవరు చెబుతారు అత్తయ్యా?" అని ఆటపట్టించాను.

"ఎవరూ చెప్పక్కర్లా. నీ నోరు వినపడితే అదే వస్తది," అందావిడ.

మొదటిసారి ఆరో నెల దాకా వచ్చి నాకు కడుపు నిలవలేదు. రెండోసారి నిలిచి ఏడో నెల వచ్చింది. మా ఆయన చక్రికి ఉద్యోగరీత్యా ఊళ్ళు తిరగడమే సరిపోతుంది కాబట్టి, అత్తయ్య పామర్రు ఇంటికి తాళం వేసి మా ఫ్లాట్‌కు వచ్చింది. రోజూ పొద్దున్నే నా మొహం చూడగానే "కదిలిందా?" అని అడిగేది. కదిలిందంటేనే కాఫీ పెట్టేది.

అప్పుడే సుస్మిత మా ఇంటికి వచ్చింది. నాతో కలిసి చదువుకుంది, బొమ్మలు గీస్తుంది. కరకట్ట దగ్గర కొత్తగా కట్టిన ఓ ప్రైవేటు మ్యూజియం వాళ్ళు ఎగ్జిబిషన్ పెడుతున్నారట. చిత్రకారులనూ సంగీతం కట్టేవాళ్ళనూ జంటలుగా కలిపి, జంటకో గది ఇచ్చారు. సుస్మితకు జోడీ జయంత్ గారు. వాళ్ళ గదికి విషయం దివిసీమ ఉప్పెన. ఆవిడ బట్టల మీద ఒండ్రుమట్టితో బొమ్మలు వేస్తోంది, ఆయనకు ఒక గొంతు కావాలి. నేనే నోరు జారి మా అత్తయ్య గురించి చెప్పాను.

"ఛీ, ఆటలా ఉందా మీకు?" అని అత్తయ్య ఒంటికాలి మీద లేచింది.

"దొరక్కుండా పోయినవాళ్ళ కోసమే ఈ గది, ఆంటీ," అంది సుస్మిత.

ఉప్పెన వచ్చిన ఏడు అత్తయ్య చిన్నపిల్ల. నాగాయలంక దగ్గర పల్లె వాళ్ళది. తండ్రి ఈవిడను భుజాన ఎక్కించుకుని డాబా ఇంటికి చేర్చాడు. తల్లి సుబ్బరత్నం లేగదూడను విప్పి వస్తానని వెనక్కి వెళ్ళింది. అంతే, మనిషీ దొరకలేదు, శవమూ దొరకలేదు. శవం లేదు కాబట్టి శోకం తీసినవాళ్ళూ లేరు. తర్వాత చల్లపల్లిలో మేనత్త పెంచింది. ఆ మేనత్త వెంట చావు ఇళ్ళకు వెళ్ళి వెళ్ళి శోకం పట్టుబడింది. ఊరందరి తల్లుల కోసం ఏడ్చిన మనిషి సొంత తల్లి కోసం ఏడవలేదు.

"మా అమ్మ పేరు పెట్టి తీస్తా. ఇంట్లో మాత్రం కాదు," అంది చివరికి.

జయంత్ గారి స్టూడియోకు ఒక్కతే వెళ్ళింది. తిరిగొచ్చి, చావింటి నుంచి వచ్చినట్టే, గుమ్మం బయట వాచ్‌మన్ చేత బకెట్ నీళ్ళు నెత్తిన పోయించుకున్నాకే లోపల అడుగు పెట్టింది. కారిడారంతా చెరువు చేశారని పక్క ఫ్లాటావిడ నన్ను చెడామడా తిట్టింది. అత్తయ్య మాత్రం ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువే తింది. పెద్ద బరువేదో దింపుకున్న మొహం.

ఎగ్జిబిషన్ మొదలైన రోజు నేనూ వస్తానంటే ససేమిరా అంది. "కడుపుతో ఉన్నదానివి, శోకం కాడ నీకేం పని?"

"పేరు పెట్టారుగా. మీ లెక్క ప్రకారం నాకేమీ కాకూడదు," అన్నాను. ఆవిడ మాటతోనే ఆవిడ నోరు మూయించానని లోలోపల సంబరపడ్డాను కూడా.

మేం వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. సుస్మిత గదిలో పైకప్పు నుంచి నేల దాకా తెల్లటి మంగళగిరి బట్టలు వేలాడుతున్నాయి. వాటి మీద మట్టితో మనుషులు. తలకు పైన, అందరికీ ఒకే ఎత్తులో, నీటి చార. ఆ బట్టల మధ్య నుంచి నడవాలి. నడుస్తుంటే ముందు ఏదో హోరు, తర్వాత అత్తయ్య గొంతు.

"ఎసరు పొయ్యి మీదే ఉంది, ఎటు పోయావే... దూడ కట్టు విప్పావు, నా చెయ్యీ విప్పావే..."

ఒక వాక్యం అయ్యాక చిన్న ఖాళీ, మళ్ళీ హోరు, మళ్ళీ గొంతు. పక్కన అత్తయ్య తల వంచి వింటోంది. ఒక ఖాళీ అయింది. ఇంకోటి అయింది. ఆవిడ తలెత్తింది.

"పేరేదే?" అంది.

"వస్తుందేమో, ఆగండి."

రాలేదు. శోకం అయిపోయి మళ్ళీ మొదటికొచ్చింది. అత్తయ్య నా మణికట్టు పట్టుకుని, మనుషుల్ని తోసుకుంటూ బయటి వరండాలోకి లాక్కొచ్చింది. అంత భయం ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

జయంత్ గారు వెనకాలే పరిగెత్తుకొచ్చారు. పాపం, మంచి మనిషే. "ఏమైందండీ మామ్మగారూ?"

"మా అమ్మ పేరేం చేశావు బాబూ?"

"అదాండీ, ఎడిటింగ్‌లో తీసేశానండీ. పేరుంటే ఒక్కరి ఏడుపే అవుతుంది. తీసేస్తే అందరిదీ అవుతుంది."

అత్తయ్య గోడకు జారగిలబడింది. ఆయన కంగారుపడిపోయి, పాత రికార్డింగ్ ఉంది, ఇప్పుడే పేరు మళ్ళీ కలిపేస్తానన్నారు.

"పాతది వద్దు. కొత్తగా చెబుతా, పట్టుకో," అంది అత్తయ్య.

ఆయన లాప్‌టాప్ తేవడానికి లోపలికి వెళ్ళారు.

"ఉన్నదే పెట్టించుకోవచ్చుగా, అత్తయ్యా?"

"పొద్దున్నించీ పేరు లేకుండా తిరగతా ఉంది. ఇప్పుడు చచ్చినోళ్ళ పేరు చెబితే ఆగదే. బతికున్న పేరు పడాలి." నా పొట్ట మీద చెయ్యి వేసింది. "కదిలిందా?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ గదిలోకి వెళ్ళినప్పటి నుంచీ కదల్లేదు. మధ్యాహ్నం పూట నిద్రపోతుంది, మామూలే, డాక్టరు కూడా చెప్పింది. అవన్నీ నాకు తెలుసు. కానీ కిందటిసారి కూడా ఇలాగే ఒక మధ్యాహ్నం కదలడం మానేసింది. రెండు చేతులూ పొట్టకు అదిమి పట్టుకుని, కదలవే, కదలవే అని లోపల్లోపల మొత్తుకున్నాను. గోడ అవతల శోకం మూడోసారి మొదలైంది.

"లేదు, అత్తయ్యా," అన్నాను.

జయంత్ గారు వచ్చి మైకు పట్టుకున్నారు. అత్తయ్య కొంగు నడుముకు చుట్టుకుని, కళ్ళు మూసుకుని, చావింట్లో పిలిచినట్టే నిండు గొంతుతో పిలిచింది.

"ఓ మాణిక్యమ్మా... నా మాణిక్యమ్మా..."

ఆవిడ పిలుస్తున్నది తన పేరునే. "అత్తయ్యా!" అన్నాను. ఆవిడ కళ్ళు తెరవకుండానే ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపింది.

జయంత్ గారు దాన్ని శోకంలో ఖాళీలన్నిటిలోనూ అతికించారు. ఇన్నాళ్ళూ మామ్మగారూ అని పిలవడమే గానీ ఆవిడ పేరు ఎవరూ అడగలేదు. గది బయటి బోర్డు మీద కూడా 'దివిసీమ గొంతు' అని వేసి సరిపెట్టారు. ఆయన వేలు మీటకు కాస్త పైన ఆగింది. నా వైపు తిరిగారు.

"ఒకసారి కన్ఫర్మ్ చేయండి మేడమ్. పాత రికార్డింగ్‌లో వేరే పేరు విన్నట్టు గుర్తు. వాళ్ళమ్మగారి పేరు మాణిక్యమ్మేనా? ప్లే చేసేయనా?"

కాదు అనడానికి ఒక్క మాట చాలు. అత్తయ్య నన్ను చూడటం లేదు, నా పొట్టనే చూస్తోంది. నా చేతుల కింద ఇంకా ఏ కదలికా లేదు.

"అవునండీ," అన్నాను.