తొణికిన కుండ

ఆ అమ్మాయికి ఇంట్లో ఒక పేరు, కాలేజీలో ఒక పేరు ఉన్నా కుక్కల షెల్టర్‌లో మాత్రం అందరికీ పంపక్కే. ఆ పేరెందుకొచ్చిందో చెప్పుకోవడం కాస్త మొహమాటమే గానీ, చెప్పక తప్పదు.

నడుము విరిగిన కుక్కకు వెనక కాళ్లు పడిపోవడమే కాదు, ఒంటికి పోవడం కూడా చేతకాదు. పూటపూటా ఎవరో ఒకరు పొట్ట కింద రెండు చేతులూ వేసి, ఉచ్చతిత్తి ఎక్కడుందో తడిమి, మెల్లగా నొక్కి పోయించాలి. మిగతా రోజుల్లో ఆ పని కాంపౌండరుది. శని, ఆదివారాలు సాయానికొచ్చే విద్యార్థులు స్నానాలూ, చక్రాల బండ్లూ, ఫోటోలూ పంచేసుకోగా, మిగిలిన ఈ పని కామర్సు రెండో ఏడు చదివే ఈ పిల్ల వాటాకొచ్చింది. మొదటిరోజు ధార నేరుగా సూపర్‌వైజరు బూటులోకి వెళ్లింది. రెండో నెలకల్లా హస్తవాసి కుదిరింది. కాంపౌండరును పది నిమిషాలు ఏడిపించే కుక్క ఈమె చేతికి అరనిమిషంలో లొంగేది. పంపు కొట్టినట్టు పోయిస్తుందని పంపక్క అయింది.

ఇంట్లో మాత్రం "వైద్య సహాయం చేస్తున్నా" అంది. ఆ మాట అమ్మ నోట్లో పడి పక్కింటి పిన్నిని చేరేసరికి "ఆపరేషన్లలో చెయ్యి వేస్తోందట" అయింది. ఓ ఆదివారం పిన్ని వీధిలోనే ఆపి, "ఏవీ ఆ బంగారు చేతులు!" అంటూ పట్టుకుని కళ్లకద్దుకుంది. మూడుసార్లు సబ్బుతో కడుక్కున్నా పంపక్కకు చెమటలు పట్టాయి.

షెల్టర్‌లో అలా నడుము విరిగినవి ఐదుంటే, వాటిలో ఒక ఎర్రకుక్క ఉండేది. దాన్ని చూడ్డానికి రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన ప్రతి ఆదివారం వచ్చేవారు. నడుముకు చక్రాలు కట్టి ఆయన "రైట్ రైట్!" అన్నారంటే వరండా చివరిదాకా ఒకటే దౌడు. "హోల్డాన్!" అంటే గోడకు ముక్కు తగిలాక ఆగేది.

"మా డ్రైవరూ ఇంతేనమ్మా, చెప్పిన స్టాపులో ఏనాడూ ఆపలేదు" అని నవ్వేవారు. చివరికి దానికి రైట్ అన్న పేరే ఖాయమైంది.

"తీసుకెళ్లిపోండి బాబాయిగారూ" అంది పంపక్క ఓసారి.

"ఆశగానే ఉందమ్మా. మా ఆవిడకు మణికట్లలో పట్టు లేదు. నా చేతులు చూడు, ఎలా వణుకుతున్నాయో. దాని పని అది చేసుకున్ననాడు ఫోన్ చెయ్యి. ఎత్తుకుపోతాను."

ఆ మాట పంపక్క మనసులో దిగబడిపోయింది.

ఓ శనివారం పొద్దున వెళ్లేసరికి రైట్ పరుపు తడిగా ఉంది.

"పోసింది! తనంతట తనే పోసింది!"

ఆ కేకకు అందరూ పరుగెత్తుకొచ్చారు. పిల్లలంతా ఆ తడి చుట్టూ గెంతారు. కాంపౌండరు బంధువుల ఊరెళ్లి ఉన్నాడు. పంపక్క కండక్టరుగారికి ఫోన్ చేసింది.

"నిజమేనా తల్లీ? అయితే రేపు వడ్రంగిని పిలిచి మెట్ల మీద వాలుగా చెక్క వేయిస్తా. సోమవారం వస్తా" అన్నారాయన.

ఇంక నొక్కితే మళ్లీ మన చేతికే అలవాటు పడుతుందనుకుంది పంపక్క. మిగతా నాలుగింటికీ పోయించింది గానీ, శనివారం, ఆదివారం రైట్ పొట్ట మీద చెయ్యి వేయలేదు. పూటపూటా పరుపు తడిమేది. తడి తగలగానే పొంగిపోయేది. ఆదివారం సాయంత్రం రైట్ అన్నం ముట్టలేదు. "ప్రయాణం ముందు మనకు మాత్రం సయిస్తుందేమిటి?" అని దాని తల నిమిరింది.

సోమవారం సాగనంపడానికి కాలేజీ ఎగ్గొట్టి వచ్చింది. కాంపౌండరు రైట్ పొట్ట కింద చెయ్యి పెట్టి, అలాగే ఆగిపోయాడు.

"ఎప్పుడు నొక్కావు?"

"నొక్కలేదన్నా. తనే పోస్తోందిగా."

"నిండుకుండ తొణకదన్నది మనుషుల సంగతి తల్లీ. ఇది నిండి, పట్టక, తొణుకుతోంది. శుక్రవారం బస్సు తొందరలో నేనూ సగమే నొక్కి వెళ్లాను."

పంపక్క చెయ్యి పెట్టింది. రాయి. నొక్కితే నాలుగు ఎర్రటి చుక్కలొచ్చాయి. డాక్టరు వచ్చి గొట్టం వేశారు గానీ, అప్పటికే విషం ఒళ్లంతా పాకింది. మధ్యాహ్నం రెండింటికి రైట్ ఆమె ఒళ్లోనే పోయింది.

నాలుగింటికి గేటు దగ్గర "రైట్ రైట్!" అని వినపడింది. చక్రాల చప్పుడు లేకపోయేసరికి ఆయన మరోసారి పిలిచారు.

పంపక్క ఎదురెళ్లి ఏదీ దాచకుండా చెప్పింది. "నేనే బాబాయిగారూ. నొక్కడం మానేశాను."

ఆయన బెంచీ మీద కూర్చుండిపోయారు. "నేనా షరతు పెట్టకపోతే నువ్వు మానేదానివి కాదు కదమ్మా" అన్నారు. తర్వాత, ఎవరూ అడక్కుండానే, "చెక్క నున్నగా చిత్రిక పట్టించాను. కాళ్లు ఈడ్చినా గీరుకోకుండా" అన్నారు.

ఆ శుక్రవారం సాయంత్రం వీధిలో పిన్ని మళ్లీ ఆమె చేతులు పట్టుకుంది. "ఏమే, మొహం అలా పీక్కుపోయింది? ఆపరేషన్లు ఎక్కువయ్యాయా?"

"ఆపరేషన్లు కావు పిన్నీ. కుక్కలకు ఉచ్చ పోయిస్తాను. ఒకదానికి పోయించలేదు. చచ్చిపోయింది."

పిన్ని ఆ చేతుల్ని కళ్లకద్దుకోనూ లేదు, వదలనూ లేదు.

"రేపు మళ్లీ వెళ్లాలి" అంది పంపక్క. "ఇంకా నాలుగున్నాయి."