రాములవారికి మొక్కని చెప్పాను

ఇన్నేళ్లుగా ఈ మాట లోపలే దాచుకుని తిరుగుతున్నాను. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, రాత వంకరగా వస్తుంది. అయినా చదివే మీరు ఓపిక పడతారనే రాస్తున్నాను.

నా చిన్న కూతురు సరోజ నలుగురిలోకి రాదు. ముఖంలోకి చూడదు. పిండిమర చప్పుడుకు చెవులు మూసుకుని మూలన ముడుచుకుంటుంది. చీర అంచు గరుకుగా తగిలితే రోజంతా ఏడుస్తుంది. అందరికీ సిగ్గరి అని చెప్పేదాన్ని. మగపిల్లాడు మాట్లాడకపోతే దవాఖానాకు తీసుకుపోతారు. ఆడపిల్ల మాట్లాడకపోతే బుద్ధిమంతురాలంటారు. ఆ మెప్పు చాటున దాచేశాను. దాచింది బిడ్డనా, నా పరువునా?

హైదరాబాదులో చదువుకునే మనవరాలు మాధవి, నా పెద్ద కూతురి బిడ్డ, పిన్ని తీరుకు ఆటిజమని ఒక పేరుందని తెలుసుకొచ్చింది. అది పుట్టుకతో వస్తుందట. ఆడవాళ్లలో ఉన్నా ఎవరూ పోల్చుకోరట. ఈ సంగతి జనానికి తెలియాలని టేకులపల్లి నుంచి భద్రాచలం దాకా పరిగెత్తుతానంది. తొంభైల మొదట్లో మాట. వెనక కిరాయి జీపులో నీళ్లతో నన్ను కూర్చోబెట్టింది. పరిగెత్తే మనిషి ఆగి మాట్లాడలేదు గనుక, అడిగినవాళ్లకు చెప్పే పని నాది. జీపుకు కట్టమని గుడ్డ బ్యానరు కూడా ఇచ్చింది: ‘ఆడపిల్లలకూ ఆటిజం ఉంటుంది.’

మొదటి ఊరు దాటగానే దాన్ని విప్పేశాను. గాలికి చిరుగుతుందన్నాను. తడిపి, అక్షరాలు లోపలికి మడిచి, నీళ్లు చల్లగా ఉంటాయని బిందెకు చుట్టాను. నా పొదుపు తెలిసిందే గనుక మాధవి నవ్వి ఊరుకుంది. అడిగినవాళ్లకల్లా రాములవారికి మొక్కని చెప్పాను. జనం మజ్జిగ ఇచ్చారు, కొబ్బరికాయలు కొట్టారు. తన మాట చేరుతోందని ఆ పిల్ల మురిసిపోయింది.

పాల్వంచ దాటాక అడవి దారిలో ఒక తల్లి జీపుకు అడ్డం వచ్చింది. పక్కన పదేళ్ల కూతురు. హారన్ మోగగానే ఆ పిల్ల రెండు చెవులూ మూసుకుంది. అచ్చం నా సరోజ.

“పెద్దమ్మా, మాటలు రాని ఆడపిల్లల కోసం ఉరుకుతుందంట గదా? ఏందది? జర చెప్పు, నా బిడ్డ గిట్లనే ఉంటది.”

“నీకెవరు చెప్పిన్రు? గది రాములవారికి మొక్కు.”

“మొక్కితే మాటలొస్తయా?”

“వస్తయ్.”

“మరి నేనురికితే అయితదా, బిడ్డనే ఉరికించాల్నా?”

అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా? మాధవి ముందు వెళ్తోంది, వినబడదు. నోరు తెరిస్తే సరోజ పేరు చెప్పాల్సి వస్తుంది. “ఇద్దరూ ఉరకుండ్రి” అన్నాను.

ఆమె చీర ఎగదోపి, కూతురి చేయి పట్టుకుని మాధవి వెనక పరిగెత్తింది. పిల్ల కేకలు పెడుతోంది. తల్లి ఈడుస్తూనే ఉంది. మలుపు దగ్గర ఇద్దరూ కూలబడ్డారు. వాళ్లను దాటుకుని జీపు పోయింది. ఆపమని నేను అనలేదు.

ఆ తల్లి తన వెనక పరిగెత్తడం ఒకసారి తిరిగి చూసిందట, నీళ్లకు ఆగినప్పుడు మాధవి అంది: “అమ్మమ్మా, ఆ తల్లికి అర్థమైంది. నాకది చాలు.”

మాటలు రాకపోతే ఆ తల్లి ఎవరిని తప్పుపట్టిందో. తన భక్తినా? పిల్లనా? ఊరి పేరైనా అడగలేదు నేను. మాధవికి ఇప్పటికీ చెప్పలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలోది కాదు.

అది మొక్కు కాదు. నా సరోజలాంటి ఆడపిల్లల కోసం తీసిన పరుగు. నా బిడ్డకు ఆటిజం.

రాసేశాను.