ఈరన్నస్వామి అణా వాటా

మొన్న మా మనవరాలు సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, నా పెన్షను మీద ఇన్‌కంటాక్సు రిటర్ను ఫోనులోనే నింపేసి, టీ చల్లారకముందే "అయిపోయింది అవ్వా" అనేసరికి నాకు సంతోషానికి బదులు ఏదో వెలితిగా అనిపించింది. మన తరంవాళ్లకు ఇన్‌కంటాక్సు అన్న మాట వింటేనే గుండెలు జారేవి కదా!

డెబ్భైల చివర్లో, ఎమ్మిగనూరులో బి.ఏ. చదివిన నన్ను ఆదోనిలో పత్తి మండీ నడిపే ఇంటికి కోడలిగా ఇచ్చారు. మా మామగారు మహా మొండి, అంతకు మించి ఉరుకుంద ఈరన్నస్వామి భక్తులు. లాభంలో రూపాయికి అణా స్వామిదని వాళ్ల నాయన కాలం నుంచీ కట్టడి. లెక్కల పుస్తకంలో స్వామి పేరిట ఒక పుట ఉండేది. శ్రావణమాసంలో ఇంటిల్లిపాదీ బస్సెక్కి ఉరుకుందకు పోయి ఆ డబ్బు హుండీలో వేసి వచ్చేవాళ్లు. మిగతా పదిహేనణాల మీద మామగారు ఠంచనుగా పన్ను కట్టేవారు గానీ, స్వామి అణా మీద పైసా కట్టలేదు. పరాయి సొమ్ముకు పన్ను కట్టడానికి నేనెవరినన్నది ఆయన న్యాయం.

నేను కాపురానికి వచ్చిన ఏడాది ఉగాదికి దేవుని గూడు కడుగుతుంటే స్వామి పటం వెనక నుంచి కవర్ల కట్ట జారిపడింది. నాలుగేళ్ల నోటీసులు, పసుపుకుంకుమలతో సహా! స్వామి వాటా గురించి వచ్చిన కాగితాలు స్వామే చూసుకుంటాడని మామగారు ఒక్కొక్కటే అక్కడ పెట్టి దండం పెట్టుకున్నారట. పన్ను, వడ్డీ, జరిమానా నెలలోగా కట్టకపోతే మండీ జప్తు చేస్తామని చివరిదాంట్లో ఉంది. అది చదివి వినిపించేసరికి మా అత్తగారు అక్కడే చతికిలబడ్డారు. "ఆ స్వామికి తెలీకుండా ఏం జరుగుతాది లేమ్మా" అని మామగారు అన్నారే గానీ, ఆ పూట అన్నం సగంలోనే చెయ్యి కడిగేసుకున్నారు.

ఇంట్లో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే గనక మర్నాడు మామగారి వెంట ఇన్‌కంటాక్సు ఆఫీసుకు పోయాను. ఆఫీసరు కవరు విప్పగానే కుంకుమ బల్ల మీద రాలింది. సంగతంతా విని, అంత పెద్దమనిషీ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. నాకు ప్రాణం లేచివచ్చింది. మామగారు పట్టు వదిలితేనా! "నాది కాందానికి నేనెట్ల కట్టేది సార్? స్వామి సొమ్మును నా సొమ్మని సెప్పుకోమంటారా?" అని నిలబడ్డారు. ఆఫీసరు కోప్పడలేదు. అణా తీసింది మీ లాభంలోంచే కదా, సర్కారు బాకీ అందులో ఉండగానే తీసి హుండీలో వేస్తే, స్వామికి మీరిచ్చింది ఎవరి సొమ్మని మెల్లగా అడిగారు. ఇన్నేళ్లుగా బాకీ సొమ్ముతో మొక్కు తీర్చుకున్నానా అని మామగారు అక్కడే చెంపలు వేసుకున్నారు.

నేను ఆ బల్ల దగ్గరే కూర్చుని దరఖాస్తు రాశాను. జరిమానా చాలావరకు తగ్గించి, మిగతాది పది కంతులుగా కట్టమన్నారు. ఆ పది నెలలూ ఇంట్లో కొత్త చీర మాటెత్తినవాళ్లు లేరు. కంతు కట్టే రోజు మామగారు తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని గుడికి పోయినట్టే బ్యాంకుకు పోయేవారు. చివరి చలానా మీద ముద్ర పడిన రోజున మండీ ముందర ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేయించి, హమాలీలకు పెట్టింది చాలక దారిన పోయేవాళ్లను కూడా "అప్పు తీరిందప్పా, రాండి, తినిపోండి" అని కేకేసి పిలిచారు. ఆ ఏడాది నుంచి పుస్తకంలో ముందు సర్కారు పన్ను, మిగిలినదాంట్లో స్వామి అణా. అట్లా రాసుకున్నాక ఆయనకు బాగా నిద్ర పట్టిందని మా అత్తగారు చాటుగా చెప్పి నవ్వేవారు.

పనులు సులువైనందుకు నేనేమీ నొచ్చుకోవడం లేదు. అప్పుడు భయపడితే ఇంటిల్లిపాదీ కలిసి భయపడేవాళ్లం, గట్టెక్కితే ఊరంతా పిలిచి చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు నా పేరున పైసా బాకీ లేదు. ఆ మాట కేకేసి చెబుదామంటే వినే బజారూ లేదు.