పడుగు పక్కన పోయిన బస్సు

1962. నెల్లూరులో ట్రంకు రోడ్డు పక్కన నాకొక మెకానిక్ షెడ్డు ఉండేది. పెట్రోలు ఖర్చు భరించలేక బస్సుల వాళ్ళు పాత ఇంజన్లు తీయించి డీజిల్ ఇంజన్లు పెట్టించుకుంటున్న రోజులవి. ఇంజన్ మార్చడం ఒక ఎత్తు, ఆ మార్పును ఒప్పించుకోవడం ఒక ఎత్తు. కొత్త ఇంజన్ నంబరు ఆర్.సి. పుస్తకంలో ఎక్కాలి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు బండి చూడాలి, జనానికి ఇబ్బంది కలిగేంత పొగ రాకూడదు.

పొగకు మా దగ్గర ఒక మందు ఉండేది. డీజిల్‌ను కొలిచి ఇంజన్‌లోకి పంపేది ఫ్యూయల్ పంపు. దాని స్క్రూ కాస్త తిప్పితే డీజిల్ తగ్గుతుంది, పొగ తగ్గుతుంది, బండి లాగడమూ తగ్గుతుంది. పరీక్ష రోజు తగ్గించి మర్నాడు పెంచేవాళ్ళం. ఇందులో తప్పేముందో నాకు తోచేది కాదు. పైగా నా చెయ్యి బాగా తిరిగిందని గర్వం కూడా.

సముద్రం వైపు పల్లెలకు తిరిగే యుద్ధకాలపు పెట్రోలు బస్సు ఒకదానికి అలాగే ఇంజన్ మార్చాను. ఇన్‌స్పెక్టర్ గారు పొగగొట్టం దగ్గర తెల్ల రుమాలు పట్టి చూసి సంతకం పెట్టారు.

కొన్నాళ్ళకు రమణమ్మ అనే పెద్దావిడ షెడ్డుకు వచ్చింది. ఆ బస్సు దారిలోని నేతపల్లె ఆమెది. అక్కడ తెల్లవారగానే పడుగును, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు నూలును, వీధి పొడవునా చాచి గంజి పెట్టి, అది పోగులకు సమంగా పట్టేలా పెద్ద కుంచెతో దువ్వుతారు. ఆమె సంచిలోంచి నూలు తీసి నా బల్ల మీద పెట్టింది. తడి గంజికి మసి అంటుకుని చారలు చారలుగా ఉంది.

"ఆ బస్సుకు ఇంజన్ మార్చింది నువ్వేనా అబ్బయా?"

"నేనే అక్కా. పరీక్షలో పాసయిన బండి అది."

"జనంతో చూసినారా, ఖాళీ బండినా?"

"ఖాళీదే" అన్నాను.

"ఇది రెండో పడుగు. ఇంకోటి చెడితే నూలు ఇయ్యనన్నాడు మాకిచ్చే ఆయన. ఖాళీ మగ్గం పెట్టుకుని మేమేం చేసేది?"

"పొద్దెక్కినాక పెట్టుకోకూడదా గంజి?" అన్నాను, పెద్ద తెలివిగా.

"ఎండెక్కితే కుంచె కొట్టేలోపలే గంజి ఎండిపోతాది, దారం తెగుతాది. నీ పని నేనేమన్నా నీకు నేర్పినానా?"

నాకు సిగ్గేసింది. స్క్రూ తగ్గిద్దామంటే నిండు బస్సు ఇసక దారిలో కదలదు. బస్సును షెడ్డుకు తెప్పించి బానెట్ ఎత్తుకుని కూర్చున్నాను. చివరికి నా నిర్వాకం కనబడింది. ఇరుకు బానెట్‌లో పెద్దది పట్టలేదని, పాత ఇంజన్ ఎయిర్ క్లీనర్‌నే, అంటే గాలి వడగట్టే డబ్బానే, డీజిల్ ఇంజన్‌కు తగిలించాను. గాలి చాలక అది మసి కక్కుతోంది. నేను స్క్రూ తిప్పి పరీక్ష పూట దాని నోరు మూయించానంతే. బానెట్ పక్క రేకు కోసి పెద్ద డబ్బా బిగించాను. ఆ కోత చూసి ఓనరుగారు మొహం ముడుచుకున్నారు.

మర్నాడు నిండు బస్సు నేనే తోలుకొస్తానని, పనికిరాని నూలు కాస్త వీధిలో కట్టి ఉంచమని రమణమ్మకు కబురు పంపాను. వెళ్ళేసరికి మంచి పడుగే చాచి ఉంది, తడి గంజితో.

బస్సు ఆపి దిగాను. "అదేందక్కా, పాత నూలు కట్టమన్నాను గదా."

"పాత నూలు చెడితే నీకేం పోతాది, నాకేం పోతాది? ఖాళీ బస్సు చూపించినట్టే గదా అది. ఎట్టాగూ రేపయినా ఈడ పోవాల్సిన బస్సే. పోనీ."

అంత భయంగా నేనెప్పుడూ స్టీరింగ్ పట్టుకోలేదు. నిలబడ్డానికి చోటు లేనంత జనంతో, ఇసకలో యాక్సిలరేటర్ అదిమి తొక్కి, ఆ వీధి దాటాను. దిగి వెనక్కి నడిచాను. రమణమ్మ పడుగును ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమి, వేళ్ళు చూసుకుంది. మెచ్చుకోలేదు.

"ఇంక అడ్డం లెయ్యి అబ్బయా, కుంచె కొట్టాల" అంది.

ఆ మాటకు కలిగినంత సంతోషం నాకు ఏ సంతకానికీ కలగలేదు. బండి ఎవరి వీధిలో తిరుగుతుందో వాళ్ళ కళ్ళతో చూస్తేనే అది పరీక్ష అని, చెయ్యి తిరిగిన ఇన్నేళ్ళకు ఆమె దగ్గర నేర్చుకున్నాను.

మరుసటి ఏడాది అదే బస్సును పరీక్షకు తీసుకెళ్ళాను. స్క్రూ ముట్టుకోలేదు. ఇన్‌స్పెక్టర్ గారు రుమాలు తీస్తుంటే, "జనాన్ని ఎక్కించుకొచ్చాను సార్, రోడ్డు మీద తోలి చూడండి" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు.

"ఇట్లా అడిగిన మెకానిక్‌ను నిన్నే చూస్తున్నానయ్యా. ఎవరు చెప్పారు నీకు?"

నేను బస్సు వైపు చూశాను. ముందు సీట్లో రమణమ్మ, నేసిన చీరల మూట ఒళ్ళో పెట్టుకుని, తొందరగా కానియ్యమన్నట్టు చెయ్యి ఊపుతోంది.