గవ్రా పొయ్యి పెట్టించుకున్న వారం

గవ్రాకి కోపం రావడానికి కారణం అక్కర్లేదని ఊళ్లో అందరూ అంటారు. మామూలు రోజుల్లో అది నిజమే కావచ్చు. ఆ డిసెంబరులో మాత్రం అతని కోపానికి కారణం ఉంది. మనిషంత కారణం. పనిశాల గోడకి ఆనించి, దుప్పటి కప్పి ఉంది.

గవ్రా మేళంవాళ్లకి తంబురాలు చేస్తాడు. ఒళ్లో ఇమిడే చిన్నదాని నుంచి, నిలబడి వాయించే బెర్దె దాకా అన్నీ చేస్తాడు. అరవై ఒకటో ఏడు. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా ఎందుకని అడిగితే, "నన్ను నేనే భరించలేకపోతున్నాను, ఇంకొకళ్లెందుకు?" అని కసురుతాడు. అతన్ని భరించేది అక్క కొసానా ఒక్కతే. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చేసి వంటా, ఇల్లూ, తమ్ముడి నోరూ చూసుకుంటోంది.

జరిగిందేమిటంటే, నవంబరు మొదట్లో పక్క ఊరి పెళ్లిలో జనం చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడుతుండగా, మేళంలో తీమా వాయిస్తున్న, గవ్రా చేసిన బెర్దె పొట్టపలక ఫెళ్లుమని ఊడి కింద పడింది. ఊడితే ఊడింది. పెళ్లికొడుకు మేనమామ ఆ పలక ఎత్తి, దానిమీద కాల్చిన పందిమాంసం ముక్కలు పేర్చి, "గవ్రా మాస్టారి కొత్త పళ్లెం!" అని పంక్తి పంక్తికీ తిప్పాడు. ఆ మాట బనాత్ మైదానంలో కొషావా చలిగాలికన్నా ముందు ఊరూరూ తిరిగింది.

తీమా దాన్ని తెచ్చి అప్పగించి నెల దాటినా గవ్రా అతికించలేదు. ఎలా అతికిస్తాడు? ఎముకల జిగురుకి వేడి కావాలి. జిగురూ వేడిగా ఉండాలి, కర్రా వెచ్చగా ఉండాలి. చల్లటి గదిలో క్లాంపు బిగించేలోపే జిగురు పెరుగులా పేరుకుంటుంది, చూడ్డానికి అతుక్కున్నట్టే ఉండి ఏడాదికి ఊడుతుంది. పోయిన చలికాలం కరెంటు హీటరు దగ్గర కూచుని చేసిన పని అది. తప్పు తనదేనని గవ్రాకి తెలుసు. ఆ తెలియడమే అసలు మంట.

"వచ్చే శనివారం నికోలా పండగ. నాలుగిళ్లలో వాయించాలి. శుక్రవారం పొద్దున వస్తాను. అతుక్కుని ఉంటే సరే. లేకపోతే పట్నంలో ఫ్యాక్టరీది కొనుక్కుంటాం. ఎందుకు కొన్నామో అడిగినవాళ్లకీ చెప్తాం, అడగనివాళ్లకీ చెప్తాం," అన్నాడు తీమా.

దాంతో గవ్రా మూతపడ్డ రైలు స్టేషనులోంచి పాత ఇనప పొయ్యి ఒకటి కొని ట్రాక్టరు మీద తెచ్చుకున్నాడు. నడుమెత్తు పోత ఇనుము, తలుపు మీద లేడి బొమ్మ, లోపల రెండు తరాల బూడిద. దాన్ని బిగించడానికి లాయొష్ మామ వచ్చాడు. ఊళ్లో పొగగొట్టాలన్నీ తుడిచేది ఆయనే. డెబ్బై దాటినా ఇప్పటికీ కప్పులెక్కుతాడు.

గడువుకి సరిగ్గా వారం ముందు, శుక్రవారమంతా పని. కింద ఇటుకలు పరిచి రేకు వేశారు. పగుళ్లకి బంకమట్టీ బూడిదా కలిపి మెత్తారు. రేకు గొట్టాలు ఒకదాంట్లో ఒకటి దిగ్గొట్టి గోడలోని పొగగొట్టానికి కలిపారు. ఆఖర్న లాయొష్ మామ కిటికీలకేసి చూసి నాలుక చప్పరించాడు.

"కొత్త ప్లాస్టిక్కువా? ఈగ కూడా దూరదు. మరి మంటకి ముక్కేదిరా?"

"మంటకి ముక్కేంటి మామా?"

"నీకుంది కదా, దాని మీద ఎప్పుడూ కోపం కూచుంటుంది! దానికీ ఒకటుండాలి. గాలి పీల్చకపోతే పొగంతా నీ మొహాన కక్కుతుంది," అంటూ పొయ్యి వెనక గోడకి అడుగున పిడికిలంత కన్నం కొట్టి, ఎలుకలు రాకుండా జల్లెడ తీగ బిగించాడు. కాగితం ముక్క ముట్టించి లోపల పెడితే గుర్రుమని లాగింది. గవ్రా నవ్వాడంటే మీరు నమ్మరు. నవ్వాడు.

శనివారం పొద్దున్నే కట్టెలు పేర్చి అసలు మంట పెట్టాడు. రెండు నిమిషాలు బాగానే ఉంది. ఆ తర్వాత తలుపు సందుల్లోంచి, గొట్టాల అతుకుల్లోంచి, లేడి కళ్లలోంచి కూడా వచ్చిందా అన్నట్టు పొగ తన్నుకొచ్చింది. దగ్గుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ బయటపడ్డ గవ్రా ఆగలేదు. కోటు కూడా వేసుకోకుండా సరాసరి రొట్టెల కొట్టుకి నడిచాడు. లాయొష్ మామ రోజూ అక్కడే మాంసం కూరిన బురెక్ రొట్టె తిని పెరుగు తాగుతాడు.

"ఏయ్ ముసలాడా! పొయ్యి పెట్టావా, నాకు పాడె కట్టావా?"

కొట్లో ఎనిమిదిమంది ఉన్నారు. ఎనిమిది తలలూ తిరిగాయి.

"కన్నం మూశావా?" అన్నాడు లాయొష్ మామ, నములుతూనే.

"నేనా? నేనేమన్నా పాలు తాగే పిల్లాణ్నా?"

"అయితే మూసుకోవాల్సింది ఇంకోటుంది. అదీ మూయలేదు."

కొట్టంతా గొల్లుమంది. పంది మాంసం పళ్లెం నాటి నవ్వు మళ్లీ చెవుల్లో మోగి గవ్రా అగ్గిమీద గుగ్గిలమైపోయాడు. "నలభై ఏళ్లు మసి తుడిచి తుడిచి నీ కళ్లకే మసి పట్టింది! వినండర్రా, ఈయన చేత పని చేయించుకుంటే పొగకి చస్తారు! పిలవకండి!"

నవ్వులు ఆగిపోయాయి. లాయొష్ మామ పెరుగు గ్లాసు సగంలో పెట్టేసి, టోపీ తీసుకుని వెళ్లిపోయాడు.

గవ్రా ఇంటికొచ్చి మంట ఆర్పి గొట్టాలన్నీ ఊడబెరికాడు. పిట్టగూడేమైనా అడ్డం పడిందేమోనని పొగగొట్టంలోకి తల పెట్టి చూశాడు. ఆకాశం కనబడింది. మసి మీదపడింది. కసికొద్దీ పొయ్యి వెనక నిలబెట్టిన చెక్కల్ని ఒక్క తన్ను తన్నాడు. నిన్న అక్కడ చెక్కలు లేవని అప్పుడు గుర్తొచ్చింది. వాటి వెనక, కన్నం నిండా, కూరి కూరి పెట్టిన ఉన్ని బనీను. పైన చక్కగా టేపు.

"కొసానా!"

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అరవకు. నేనే పెట్టాను."

"ఎందుకే?"

"ఎందుకేంటి? సందుగాలి! ఇటు మంట, అటు నడుం మీదకి కొషావా. చెమట పట్టిన ఒంటికి తగిలితే మూత్రపిండాలు పోతాయి. నాన్న ఎలా పోయాడు? ఈ బల్ల దగ్గరే, కిటికీ తెరిచి పనిచేసి!"

"నాన్న ఎనభై ఆరేళ్లు బతికాడు!"

"సందుగాలి తగలకపోతే తొంభై బతికేవాడు."

"నీ బనీను వల్ల ఆ పెద్దాయన్ని నడిబజార్లో తిట్టొచ్చాను! ఆయన పని పాడుచేసే మాటన్నాను!"

"బనీను నాది. నోరు నీది," అంది కొసానా, గొంతు పెరిగి. "మూసింది నేనే, ఒప్పుకుంటున్నాను. తిట్టింది నువ్వు, నువ్వు ఒప్పుకోవేం? పెళ్లిలో ఆ మేనమామ నీకు చేసిందేగా నువ్వాయనకి చేశావు!"

గవ్రా ఆ బనీను కన్నంలోంచి లాగేశాడు. కోపం పోలేదు, దిక్కు మారింది. తనమీదికే తిరిగింది.

ఆదివారం కొట్టు ఉండదు. ఒక రోజు పోయింది. సోమవారం పొద్దున, అదే వేళకి, అదే కొట్టుకి వెళ్లాడు. లాయొష్ మామ తలెత్తలేదు.

"మామా, పొయ్యి బాగానే ఉంది. మా ఇంట్లోనే కన్నం మూశారు. నేను చూసుకోకుండా నోరు పారేసుకున్నాను. తప్పు నాది."

"వినబడ్డంలేదు. మొన్న బాగా వినబడింది."

గవ్రా పళ్లు కొరికాడు. మెడ మీద నరం ఉబ్బింది. "తప్పు నాది!" అని అరిచాడు, కిటికీ అద్దాలు గల్లుమనేలా. "లాయొష్ మామ పని వంక పెట్టలేనిది! అందరూ పిలవండి! చాలా?"

"క్షమాపణ కూడా తిట్టినట్టే చెప్తావేంరా," అన్నాడు లాయొష్ మామ. కానీ లేచాడు.

గొట్టాలు మళ్లీ ఎక్కించాక ఆయన కొసానాని పిలిచాడు. కన్నంలోంచి వంకర గొట్టం ఒకటి తెచ్చి, నేరుగా పొయ్యి అడుగున బూడిద తలుపు నోట్లోకి పెట్టాడు. "చూడమ్మా, గాలి బయట్నించి తిన్నగా మంట కడుపులోకే పోతుంది. మీ తమ్ముడి నడుం జోలికి రాదు." ఆవిడ చుట్టూ తిరిగి చెయ్యి పెట్టి చూసింది. వంగుని కూడా చూసింది. "సరే," అంది చివరికి, నమ్మనట్టే.

మంగళవారం మధ్యాహ్నానికి గది వెచ్చబడింది. పాత ఇనుముకి పట్టిన నూనె మాడి కంపు కొట్టింది, తర్వాత అదీ పోయింది. నీళ్లగిన్నెలో పెట్టిన చిన్న గిన్నెలో జిగురు పొయ్యి మీద పలచగా, తేనెలా కదిలింది. పలకని పొయ్యి దగ్గర వెచ్చబెట్టారు. ఇక క్షణం వృథా చెయ్యకూడదు. ముప్పై రెండు క్లాంపులు, ఆరు చేతులు.

"అక్కా, అది కాదు, పెద్దది! మామా, తిప్పు, తిప్పు, అంత బలంగానా, పలకని చంపుతావా?"

"నన్ను తిట్టకు, మళ్లీ కొట్లో నిలబడి తప్పు ఒప్పుకోవాలి నువ్వు!"

"తమ్ముడూ, ఇక్కడ జిగురు కారుతోంది!"

"కారాలి! కారితేనే పట్టినట్టు!"

శుక్రవారం పొద్దున తీమా వచ్చేసరికి గవ్రా క్లాంపులు తీసేసి, తీగలు కట్టి ఉంచాడు. తీమా చిన్న పలకరింపు కూడా లేకుండా అంచు పొడుగునా గోటితో గీకి చూశాడు. పొట్ట మీద పిడికిలితో గుద్దాడు. అప్పుడు అన్నిటికన్నా లావు తీగ మీటాడు. ఆ మోతకి బల్లమీది మేకులు కదిలాయి.

"ఇంకా గట్టిగా మీటు," అన్నాడు గవ్రా కోపంగా. "పెళ్లిలో మీటినట్టు మీటు."

తీమా మీటాడు. పలక నిలిచింది.