మోట తోలడం నేర్పిన మా అత్త

మా మేనత్త పోయింది. మొన్న పొద్దున దేవరకొండ నుంచి కబురు రాగానే, ఏడుపు కంటే ముందు నాకు అరచేతులు చెమట పట్టాయి. ఎందుకో చెబుతాను.

కరెంటు మోటార్లు ఇంకా మా మెట్ట ఊళ్ల దాకా రాని అరవైల మాట. ఎండాకాలం సెలవుల్లో ఆడుకుంటామంటే మా ఇంట్లోనే ఉండే అత్త ఊరుకునేది కాదు. "తిన్నది అరగాలె గద, నడు బాయికాడికి" అని ఎడ్లతో బావి నీళ్లు తోడే మోట తోలడానికి నన్ను లాక్కుపోయేది. ఎడ్లు వాలుబాటలో కిందికి దిగితే వాటికి కట్టిన మోకుతాడు బిగిసి నీళ్ల బొక్కెన పైకొస్తుంది. నీళ్లు కుమ్మరించాక ఒక్క కేకేస్తే చాలు, అవే వెనక్కి నడిచి బొక్కెనను మళ్లీ బావిలోకి దించుతాయి. నేను కట్టె ఎత్తితే అత్త గుంజుకునేది. "మెడ మీద చెయ్యేసి మెల్లగ చెప్పు. దానికి చెవుడా ఏంది?"

ఆ ఎండల్లోనే బాపు, అంటే మా నాన్న, పూడిక తీయడానికి బావిలో దిగాడు. మట్టిపెళ్ల విరిగి కాలి మీద పడింది. ఎక్కలేడు. పైనుంచి మన్ను ఇంకా రాలుతోంది. బొక్కెన విప్పి మోకు వదిలితే నడుముకు కట్టుకున్నాడు.

తోలడానికి బాపు తమ్ముడు, మా చిన్నాయన ముందుకొస్తే అత్త అడ్డం నిలబడింది.

"నిన్ను జూస్తె ఎర్రెద్దు బెదురుతది. పిల్లనే తోలనియ్యి."

"పసిదాని చేతుల అన్న పానం పెడ్తవా అక్కా?"

"దినాం ఎద్దెంబడి నడిచేది ఈ పిల్లనే గద! వాడు ఒడ్డుకొచ్చినా ఎవ్వలు కేకెయ్యొద్దు."

కేకేస్తే ఏమవుతుందో అప్పుడు తట్టింది నాకు. ఎడ్లు వెనక్కి నడుస్తాయి, బాపు మళ్లీ బావిలోకి పోతాడు.

నడిచాను. గిరక కిర్రుమంటోంది. బాట చివర ఎర్రెద్దు అలవాటుగా ఆగి, వెనక్కి వేయడానికి కాలెత్తింది. మెడ మీద చెయ్యేసి, "ఆగు నాయినా, జర ఆగు" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. అది చెవి ఇటు తిప్పి, కాలు అక్కడే దించింది.

వెనకాల ఎవరూ అరవలేదు. చిన్నాయన బాపును ఒడ్డు మీదికి లాగి కొడవలితో మోకు కోసేశాక, "వచ్చిండు బిడ్డా" అంది అత్త, మామూలుగానే.

భయమేసినప్పుడు గొంతు తగ్గించడం నాకు బడి నేర్పలేదు, ఆవిడే నేర్పింది. ఎంత రుణపడ్డానో ఎన్నడూ చెప్పలేదు.

ఆ రోజు నేను బాట మీంచి పైకి పరుగెత్తేసరికి అత్త ఒడ్డున కూలబడి, నీళ్లు తెమ్మంది. చెంబు ఇస్తే పట్టుకోలేకపోయింది. నేనే తాగించాను. చెంబు అంచు మీద ఆమె పళ్లు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి.