కొర్రమీను పొట్టలో సాక్ష్యం

మా ఆయన గిద్యోనుకు తెలియని పని లేదు, చేసిన పనీ లేదు. పుల్లలచెరువు దగ్గర మా పల్లెలో మిరప కోతకు పోతే మధ్యాహ్నానికే నడుము పట్టేస్తుంది. చెరువు గట్టున గాలం వేసుకుని కూర్చుంటే మాత్రం ఆ నడుముకు ఏ రోగమూ లేదు. చేప ఎవరు పట్టినా పొట్ట తనే కోయాలి, లోపల ఏముందో చూసి ప్రసంగం చేయాలి. "వానలప్పుడు వానపాములు, కప్పపిల్లలు. చలి పడి నీళ్లు తేరినాక నాచులో రొయ్యపిల్లలు, తూనీగ పురుగులు. ఎండలకు నీళ్లింకితే ఏదీ దొరక్క తన జాతినే తింటది కొర్రమీను" అంటాడు. ఈ విద్య తనే కనిపెట్టాననుకుంటాడు గానీ, నేర్పింది మా అత్త సౌభాగ్యమ్మ. చేప పొట్టలో ఏముందో చూడకుండా ఆమె ఏనాడూ కడగదు.

పోయిన చలికాలం అత్తకు జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ ఆకలిని కూడా వెంట తీసుకుపోయింది. గంజి ఇస్తే మొహం తిప్పుకుంటుంది, గుడ్డు పెడితే పిల్లికి వేస్తుంది. తిండి తినకపోతే మనిషి దక్కదని మార్కాపురం డాక్టరు తేల్చేశాడు. చివరికి ఒకరోజు, "కొర్రమీను పులుసైతే తింటా స్టెల్లా" అంది.

మా ఆయనకు అదే చాలు. ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాడు. ఎవరైనా మేలు జరిగాక సాక్ష్యం చెబుతారు. ఈయన ముందే చెప్పేశాడు. "మా అమ్మకు దేవుడు కొర్రమీను ఇచ్చినాడు. రేపు నేను పట్టుకొస్తా. స్తోత్రం" అన్నాడు. సంఘమంతా ఆమెన్ అంది. నేను ముసుగు ఇంకాస్త కిందికి లాక్కున్నాను.

సోమవారం ఒట్టి చేతులతో వచ్చాడు. మంగళవారమూ అంతే. ఎర డబ్బా తీసి చూస్తే వానపాములు.

"ఏందయ్యా ఇది? చలికాలం చేప రొయ్యలు తింటదని ఊరంతా చెప్తివి గదా" అన్నాను.

"రొయ్యలు పట్టాలంటే నడుం లోతు నీళ్లల్లో దిగాల. ఈ చలికి ఎవురు దిగుతారు? వానపాములైతే మనం అంట్లు తోమే జాలాడి పక్కనే ఉంటాయి" అన్నాడు.

చేపకు కాలం తెలిసినంత కూడా ఈ మహానుభావుడికి తెలియలేదు. అవతల అత్త గోడ వైపు తిరిగి పడుకుంది. నన్ను ఒక్కనాడూ పరాయిదానిలా చూడని మనిషి. ఆ పూట నాకు కోపం కన్నా భయమే ఎక్కువైంది.

బుధవారం పొద్దున్నే పోయినవాడు మధ్యాహ్నానికి లావాటి కొర్రమీనుతో వచ్చాడు. లుంగీ అంచు కూడా తడవలేదు. "చెరువు నడిమధ్యలో దొరికింది" అన్నాడు, నేను అడగకముందే.

అత్త లేచి కూర్చుని కత్తిపీట తెమ్మంది. "నీకెందుకమ్మా, నేను కోస్తా" అని ఈయన చేపను వెనక్కి లాక్కున్నాడు. ఆమె వింటేగా. పొట్ట చీల్చింది. రొయ్య లేదు, పురుగు లేదు. అన్నీ గోధుమరంగు గుళికలు, గుంటల్లో పెంచే చేపలకు సంచుల్లో వచ్చే మేత.

"ఏందిరా, మన చెరువులో హోటలు పెట్టినారా?" అంది అత్త.

ఈయన తల ఎత్తితే ఒట్టు. "మార్కాపురంలో కొన్నానమ్మా. నువ్వు తినకపోతే ఎట్ల?" అన్నాడు మెల్లగా.

అత్త నవ్వింది. జ్వరం వచ్చినాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆ గుళికల్ని ఎవరూ చూడకుండా పెరట్లో పూడ్చమంది. పులుసు పోసుకుని తిని, ఇంకో ముద్ద పెట్టమంది.

ఆదివారం నా చెయ్యి పట్టుకుని చర్చికి వచ్చింది. సాక్ష్యాల వేళ లేచింది. మా ఆయన స్తంభం చాటుకు జరిగాడు. ఎన్నడూ అబద్ధం ఆడని మనిషి ఏం చెబుతుందోనని నేను ముసుగు మళ్లీ కిందికి లాక్కున్నాను.

"ఆ చేప ఏ నీళ్లదో దేవునికి తెలుసు" అంది అత్త. "అమ్మ చచ్చిపోతాదేమోనని నా కొడుకు భయపడి తెచ్చినాడు. నేను తిన్నా. స్తోత్రం."

సంఘమంతా ఆమెన్ అంది. మా ఆయన మాత్రం అనలేకపోయాడు.

మర్నాడు ఆయన రొయ్యలు పట్టడానికి చెరువులో దిగాడని ఎవరో చెబితే నేను నమ్మలేదు. నవ్వుదామనే గట్టు మీదికి పోయాను. నడుం లోతు నీళ్లలో నిలబడి, పళ్లు టకటకలాడుతుంటే నాచులో వెతుకుతున్నాడు. ఒడ్డున ఎర డబ్బా పట్టుకుని కూర్చున్నాను.